మందు కలిపిన చేతులు

వాళ్లు మా ఊరికి వచ్చిన మొదటి రోజు మజ్జిగ కలిపి ఇచ్చింది నేనే. ఉప్పేసి, కరివేపాకు తుంచి, స్టీలు గ్లాసుల్లో పోసి ఇచ్చాను. కారులోంచి దిగిన ఆరుగురూ తాగారు. వాళ్లలో పెద్దాయన రెండో గ్లాసు కూడా అడిగి తాగి, "అమ్మా, మీ ఊరివాళ్లు మాకు చాలా సహకరిస్తున్నారండీ" అన్నాడు. అప్పటికి మేము చేసిన సహకారమల్లా ఆ మజ్జిగే. అయినా ఆ మాటకి పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. మజ్జిగ ఇచ్చినందుకు నాకు బాధ లేదు, ఎండన పడి వచ్చినవాళ్లకి ఎవరికైనా ఇవ్వాల్సిందే. ఆ పొంగిపోవడం తలుచుకునే మండుతుంది.

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. ఏడేళ్లప్పుడు వచ్చిన జ్వరం పోతూ పోతూ నా ఎడమ కాలిని సన్నం చేసి పోయింది. బడి వాగుకి అవతల ఉండేది. మా అమ్మమ్మ నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టుకుని మొదట పలక మీద, తర్వాత పాటల పుస్తకంలో, ఆ తర్వాత బైబిలు వాక్యంలో చదువు చెప్పింది. కొట్టు నుంచి శనగపప్పు పొట్లం కట్టి వచ్చిన పేపరు ముక్కలు కూడా వదిలేది కాదు. ఆవిడ దగ్గరే నాకు గుండ్రటి దస్తూరీ అబ్బింది. ఇంకో అలవాటు కూడా ఆవిడే చేసింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఆ రోజు అందిన మేలు ఒకటి పైకి చెప్పాలి. ఏమీ లేదంటే ముద్ద లేదు. బోరులో నీళ్లు పడ్డాయి స్తోత్రం, మేక ఈనింది స్తోత్రం, కాలినొప్పి తగ్గింది స్తోత్రం. అట్లా యాభై ఏళ్ల నుంచి చెబుతున్నాను. వందనాలు చెప్పడంలో ఊళ్లో నా తర్వాతే ఎవరైనా. దాన్ని కూడా జనం తమకి అనుకూలంగా వాడుకుంటారని తెలియడానికి నాకు యాభై దాటాయి.

అద్దంకి పోయే రోడ్డు మీద నుంచి రెండు మైళ్లు లోపలికి ఉంటుంది మా ఊరు. ఒక పక్క పత్తి, మూడు పక్కలా మిరప. ఆ వచ్చినవాళ్లు పరిశోధన చేసేవాళ్లు. పురుగుమందుల వల్ల రైతుల ఒంట్లో ఏమవుతోందో చూస్తారట. ఇంటింటికీ కాగితం నింపాలి, రక్తం తీయాలి. ఆడవాళ్లలో చదవనూ రాయనూ వచ్చినవాళ్లు ఎవరున్నారని మా పాస్టరుగారిని అడిగితే, ఆయన నా పేరు చెప్పారు. మందిరం వసారాలో ఫ్యాను కింద బల్ల వేసి నన్ను కూర్చోబెట్టారు. నేను ప్రశ్న చదవాలి, వాళ్లు చెప్పిన జవాబుకి టిక్కు పెట్టాలి. చివర్లో ప్రతి కాగితం మీదా అంకె ఉన్న స్టిక్కరు అంటించాలి, అదే అంకె రక్తపు సీసా మీద కూడా. దేవుడు ఇన్నాళ్లకి నా దస్తూరీకి ఒక పని చూపించాడని మురిసిపోయాను.

పన్నెండో ప్రశ్న ఇది: మీరు పొలంలో పురుగుమందు కొడతారా?

మొదటి ఇద్దరు ఆడవాళ్లనీ అడిగాను. "అయ్యో, అది మగాళ్ల పని గదా" అని నవ్వారు. పక్కన నిలబడ్డ సూపర్వైజరు గడియారం చూసుకుని అన్నాడు: "ఆడవాళ్లని ఆ ప్రశ్న అడగొద్దులెండి. కాదు అని టిక్కు పెట్టుకుంటూ పోండి. టైము కలిసొస్తుంది."

పెట్టుకుంటూ పోయాను.

అది అబద్ధం కాదు. మా ఊళ్లో ఏ ఆడదీ ట్యాంకు వీపుకి తగిలించుకోదు. కానీ ట్యాంకులోకి మందు ఎక్కడి నుంచి వస్తుంది? పొద్దున ఆరింటికల్లా బోరు దగ్గర నీళ్లు పట్టి బిందెలతో గట్టు మీదికి మోసేది ఆడది. నీలం డ్రమ్ములో నీళ్లు పోసి, మందు వేసి కలిపేది ఆడది. కర్రతో కలిపితే పొడిమందు అడుగున గడ్డలు కడుతుందని, మోచేతి దాకా చెయ్యి పెట్టి పిసికి మరీ కలుపుతుంది. మగవాడి చొక్కా లుంగీ ఉతుకుతుంది. మర్నాడు ఆకు మీద తడి ఆరకముందే అదే చేలో కాయ కోస్తుంది. దీన్ని మందు పని అని మాలో ఎవరూ అనరు. అన్నం వండటాన్ని పని అంటారా? ఇదీ అంతే. రోజూ కళ్లారా చూసిన నేను, వేలు పెట్టి చూపించాల్సిన నేను, గుండ్రటి దస్తూరీతో కాదు, కాదు, కాదు అని టిక్కులు పెట్టాను.

అందులో ఒక టిక్కు మా తోడికోడలిది.

నా మరిది భార్య. నాకంటే పన్నెండేళ్లు చిన్నది. నన్ను అక్కా అనే పిలుస్తుంది. ఆ మనిషికి మంచి హస్తవాసి అని ఊరంతా నమ్మకం. మా వైపు తొలి విత్తనం చెయ్యి మంచి ఆడమనిషి చేత వేయిస్తారు. అట్లాగే ఆ ఏటి తొలి డ్రమ్ము మందు కూడా అలాంటి చెయ్యే కలపాలంటారు. ఆ చెయ్యి పడితే తెగులు నిలవదని. అందుకని మా పొలమే కాదు, పక్క పొలాలవాళ్లు కూడా గట్టు మీద నుంచి కేకేసేవాళ్లు: "వదినా, ఒక్క డ్రమ్ము! నీ చెయ్యి పెట్టి పో!" గాజులు మోచేతి పైకి నెట్టుకుని పోయేది. అదొక మర్యాద తనకి. వచ్చేటప్పుడు ఒడిలో నాలుగు వంకాయలో దోసకాయలో తెచ్చుకునేది.

సూది చూస్తే దానికి భయం. "నాకెందుకక్కా రక్తం? నేనేమన్నా మందు కొడతానా?" అంది.

"నా మాట మీద ఇయ్యవే. ఒంట్లో ఏమన్నా ఉంటే బయటపడుద్ది. వాళ్లే వచ్చి చెబుతారంట."

పెద్దాయన అందరి ముందూ అన్న మాటే నేను చెప్పాను. "ఎవరి ఫలితం వాళ్లకి ఇంటికి తెచ్చి చెబుతామమ్మా" అన్నాడాయన, గుండె మీద చెయ్యి పెట్టుకుని. నా తోడికోడలు మొహం నా భుజంలో దాచుకుని చెయ్యి చాచింది. దాని స్టిక్కరు అంకె నాకు ఇప్పటికీ గుర్తే, ఎందుకంటే కోతపండుగకి మేము పాడే పాట పుస్తకంలో ఆ అంకె మీదే ఉంటుంది. మంచి శకునం అనుకున్నాను. రక్తం ఇచ్చినవాళ్లందరికీ తలా ఒక స్టీలు డబ్బా, ఒక బిస్కెట్ పొట్లం ఇచ్చి, దణ్ణం పెట్టి, కారెక్కారు.

ఆ కారు మళ్లీ రాలేదు.

ఆ ఏడు మిరపకి తామర పురుగు పడింది. పువ్వు పువ్వులోనూ నల్లగా, నలకల్లాగా. వారానికి ఒకసారి కొట్టే మందు మూడు రోజులకోసారి కొట్టారు. షాపువాడు ఏది ఇస్తే అది, రెండు మూడు కలిపి. నా తోడికోడలికి వేళ్ల చివర్లు తిమ్మిరెక్కడం మొదలైంది. డ్రమ్ము కలిపి వచ్చిన రోజు నోట్లో నీళ్లూరేవి, చూపు మసకబారేది, తల తిరిగి వసారాలో కూలబడేది. వేడి చేసిందన్నారు, సబ్జా నీళ్లు తాగించాం. ఆర్ఎంపీ వచ్చి బలహీనత అని సెలైన్ ఎక్కించాడు. ఎవరికీ డ్రమ్ము గుర్తు రాలేదు. నాకూ రాలేదు. ఫలితం వస్తుందిగా, అందులో ఏముందో చూద్దాం అనుకుంటూ కూర్చున్నాను. అదీ నా చదువు.

ఫోను చేశాను. "విశ్లేషణ జరుగుతోందండి" అన్నారు. నెల పోయాక చేశాను. "సార్ ఊళ్లో లేరండి." పండగ తర్వాత చేశాను. "రిపోర్టు పైకి పంపాం మేడమ్, చాలా మంచి పేరొచ్చింది." ఎవరికొచ్చింది పేరు? మేము అడిగింది పేరు కాదే! ఆ తర్వాత ఆ నంబరు ఎత్తడం మానేశారు.

కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరేటప్పుడు నాకు జరిగే సన్మానం వేరే.

"ఏమ్మా టిక్కులమ్మా, మా రక్తం ఏ దేశం పోయింది?"

"పచ్చడి పెట్టుకుని ఉంటారు వదినా, నిలవుండటానికి."

"డబ్బా ఇచ్చారు గదంటే, ఇంకేం కావాలి? డబ్బాకీ రక్తానికీ చెల్లు!"

ఒకామె అయితే మొహం మీదే అనేసింది: "ఆ రక్తం తీసినకాడి నుంచే నీ తోడికోడలికి తిమ్మిర్లు. ఇప్పించింది నువ్వేగా."

"మా అక్కనంటే కాయలు కళ్లల్లో కొడతా" అని లేచింది నా తోడికోడలు. గుప్పెట్లోని కాయలు వేళ్ల సందుల్లోంచి జారి కింద పడ్డాయి. పడ్డట్టు దానికి తెలియలేదు. వట్టి గుప్పెట ఎత్తి బెదిరిస్తోంది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

రెండు పంటలు అమ్ముకున్నాం. మూడో పంట పూతలో ఉండగా ఫోను వచ్చింది. ఇన్నాళ్లూ ఎత్తని నంబరే. "అమ్మా, గుంటూరులో పెద్ద మీటింగు పెడుతున్నాం. మన పరిశోధన గురించే. గ్రామం తరఫున మీరు వచ్చి వందన సమర్పణ చెయ్యాలి. రెండు నిమిషాలు చాలు. బాగా మాట్లాడతారని సార్ గుర్తుపెట్టుకున్నారు."

నాకు కోపం రావాలి గదా. రాలేదు. సంతోషం వేసింది! గుండ్రంగా ఒక పేజీ రాసుకున్నాను. మా ఊరి మట్టిలో అడుగుపెట్టినందుకు, మమ్మల్ని మనుషులుగా గుర్తించినందుకు, అంటూ. బస్సెక్కే ముందు నా తోడికోడలు నా చీర కుచ్చిళ్లు సర్దుతూ అంది: "నా కాగితం అడిగి తీసుకురా అక్కా. మొహమాటపడబాక. నీకు మొహమాటం జాస్తి."

"తెస్తానులే."

"తెస్తాననడం కాదు. తే."

హాలు చల్లగా ఉంది. లోపలికి వెళ్లగానే గోడంత ఫ్లెక్సీ. దాని మీద మా కల్లం, ఎర్రగా. కల్లంలో కూర్చుని నవ్వుతూ నా తోడికోడలు. తలుపంత పెద్ద మొహం. ఎప్పుడు తీశారో, ఎవరిని అడిగి తీశారో తెలియదు. దాని నవ్వు కావాల్సి వచ్చింది, దానికి మటుకు కబురు పంపలేకపోయారు.

పక్క గోడకి అట్టలు కట్టారు, అన్నీ ఇంగ్లీషులో. ఇంగ్లీషు అక్షరాలు నాకు తెలుసు. కూడబలుక్కుని చదువుతుంటే, మెడలో గుర్తింపు కార్డు ఉన్న ఒకావిడ వచ్చి నిలబడింది. నలభై ఏళ్లుంటాయి. నేత చీర.

"చదువుతున్నారా అమ్మా?"

"అక్షరాలు వస్తాయి, అర్థం రాదు. మీరు చెప్పండి."

రక్తం పరీక్షలు చేసింది తనేనట. పుట్టిల్లు కనిగిరి వైపు. మాటలో ఆ యాస ఇంకా ఉంది. వేలు పెట్టి చూపిస్తూ చెప్పింది: "రక్తంలో ఒక పదార్థం ఉంటుందమ్మా. పురుగుమందు ఒంటికి తగిలితే అది పడిపోతుంది. ఈ గీత మందు కొట్టే మగవాళ్లది, ఎంత పడిందో చూడండి. ఈ గీత మందు తగలని ఆడవాళ్లది. పోల్చి చూసుకోవడానికి."

"మందు తగలని ఆడవాళ్లా? వాళ్లెవరమ్మా?"

"మీ ఊరివాళ్లేనండీ. పన్నెండో ప్రశ్నకి కాదు అన్నవాళ్లు."

ఆవిడ మెడలో కార్డు పట్టుకుని, అవును పట్టుకునే, డ్రమ్ము సంగతి చెప్పాను. మోచేతి దాకా చెయ్యి పెట్టి కలపడం, హస్తవాసి, మర్నాటి కోత, అన్నీ. చెబుతుంటే ఆవిడ మొహంలో రంగు మారింది.

"అందుకేనా?" అంది మెల్లగా. "కొందరు ఆడవాళ్లకి మగవాళ్లకన్నా తక్కువ వచ్చింది. అట్లా ఎందుకొస్తుంది, దారిలో ఐసు కరిగి ఎండకి సీసాలు పాడై ఉంటాయి అనుకున్నాం. వాటిని లెక్కలోంచి తీసేశాం."

పాడైపోయాయని తీసేశారు. ఒక్కసారి చదివేవాళ్లు ఆగి ఆలోచించండి. మా ఆడవాళ్ల రక్తం ప్రమాదం ఉందని అరిచి చెబుతుంటే, ఆ అరుపు వినపడి కూడా, ఇది అరుపు కాదు, గాజు పగిలిన చప్పుడు అనుకుని పక్కన పెట్టారు. అనుమానం వచ్చినప్పుడు ఒక మనిషిని బస్సెక్కించి మా ఊరు పంపితే, పొద్దున ఆరింటికి గట్టు మీద నిలబడితే, కళ్లతోనే తేలిపోయేది. గుంటూరు నుంచి మా ఊరు గంటన్నర. వాళ్ల రిపోర్టు ఎన్ని దేశాలు తిరిగిందో అట్టల మీద జెండాల బొమ్మలున్నాయి. ఆ గంటన్నర దారి మటుకు దాటలేకపోయింది.

నా తోడికోడలి అంకె చెప్పాను. ఆవిడ లాప్‌టాప్ తెరిచి వెతికింది. తల ఎత్తకుండా అడిగింది: "ఈమె ఇంకా మందు కలుపుతోందా?"

"నిన్న పొద్దున కూడా కలిపింది."

"ఆపించండి అమ్మా. ఇంటికెళ్లగానే ఆపించండి. మందుకి దూరంగా ఉంటే రక్తంలో పడిపోయిన ఆ పదార్థం కొన్ని వారాల్లో దానంతట అదే కోలుకుంటుంది."

"అంతేనా? మాత్రలూ అవీ?"

"అంతే. దూరంగా ఉంటే చాలు."

ఆ అంతే అన్న మాట దగ్గర నాలో ఏదో తెగింది. ఎక్కడో విదేశాల నుంచి తెప్పించాల్సిన మందు అయితే సరే, దొరకలేదు అనుకుంటాను. పెద్ద ఆపరేషన్ అయితే సరే, స్తోమత లేదు అనుకుంటాను. ఒక మాట. చెయ్యి పెట్టొద్దు అనే ఒక్క మాట. రెండేళ్లు ఆ మాట లాప్‌టాప్‌లో పడుకుంది.

వందన సమర్పణకి నన్ను పిలిచారు. కుంటుకుంటూ వేదిక ఎక్కాను. మడత పెట్టిన కాగితం చేతిలో ఉంది. "అందరికీ వందనాలు. నేను రాసుకొచ్చాను గానీ చదవను" అన్నాను. నవ్వారు. తమాషా చేస్తున్నానని అనుకున్నారు. "ఆ బయట బొమ్మలో నవ్వుతున్నది నా తోడికోడలు. దాని రక్తంలో ఏముందో మీకు తెలుసు. దానికి తెలియదు. ఇంటికి తెచ్చి చెబుతామన్నారు. అది రెండేళ్లుగా మోచేతి దాకా..." ఎవరో చప్పట్లు కొట్టారు, తప్పు చోట. అందరూ కొట్టారు. పెద్దాయన లేచి, నేను ఇంకా మాట్లాడుతుండగానే నా భుజాల మీద శాలువా కప్పి మైకు అందుకున్నాడు. "అమ్మగారి ఆవేదన మనందరికీ అర్థమైంది. గ్రామీణ మహిళల్లో ఇంత చైతన్యం రావడం మన కృషికి ఫలితం. భోజనాలు చల్లారిపోతున్నాయి, రండి."

నా కోపాన్ని కూడా తమ ఖాతాలోనే వేసుకున్నారు!

పళ్లెం తీసుకుని ఒక మూల కూర్చున్నాను. ముద్ద కలిపాను గానీ చెప్పడానికి మేలు ఒక్కటీ తోచలేదు. అమ్మమ్మ నియమం. చివరికి, "ఆ కనిగిరి మనిషి నిజం దాచలేదు, స్తోత్రం" అని తిన్నాను.

ఇంటికొచ్చి చెప్పాను. నా తోడికోడలు విన్నది, విని, చెయ్యి చాపింది.

"కాగితమేదీ?"

"ఇవ్వలేదే. చూసి చెప్పింది ఆవిడ."

"నోటి మాటకి చెయ్యి ఆపమంటే మీ మరిది వింటాడా?"

నా మరిది చెడ్డవాడు కాదు. గోడకి ఆనుకుని విన్నాడు. "వదినా, రేపు మందు పడకపోతే చేను చేతికి రాదు. దీని చెయ్యి పడకుండా ఈ పదేళ్లలో ఎప్పుడన్నా కొట్టామా? వాళ్లు చెప్పే మాటకి రెండేళ్లు ఆగినోళ్లం, ఈ పూత అయ్యేదాకా ఆగలేమా?" అన్నాడు. తప్పు పట్టలేకపోయాను. రెండేళ్లు మాట నిలుపుకోనివాళ్లు నా నోటితో ఒక మాట పంపితే, దాని విలువ అంతే. మర్నాడు పొద్దున గాజుల చప్పుడు వినపడింది. నేను వాకిట్లో నిలబడి కాలి నొప్పిని తిట్టాను, ఆ పెద్దాయనని తిట్టాను, నా టిక్కుల్ని తిట్టాను.

నాలుగో రోజున ఆ కనిగిరి ఆవిడ వచ్చింది. కారులో కాదు, తొలి బస్సుకి. సెలవు పెట్టి వచ్చానంది. చెప్పులు చేత్తో పట్టుకుని తడి గట్టు మీద నా వెనకే నడిచింది. నా తోడికోడలు అప్పుడే సంచీ చింపి పొడి వేస్తోంది. చెయ్యి డ్రమ్ములోకి దించబోతుంటే ఆవిడ గబుక్కున ముందుకెళ్లి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఎవరమ్మా నువ్వు?" అంది నా తోడికోడలు, విదిలించుకుని.

"నీ రక్తం పరీక్ష చేసినదాన్ని."

మందిరం వసారాలో అదే బల్ల. ఆడవాళ్లందరి కాగితాలూ తెచ్చింది, తెలుగులో రాయించి. ఒక్కొక్కరినే పిలిచి చెప్పింది. నా తోడికోడలు నన్ను కూడా బల్ల దగ్గరికి లాక్కెళ్లింది. ఆవిడ చెప్పడం అయ్యాక కాగితం చేతిలోకి తీసుకుని అడిగింది:

"ఇది రెండేళ్లుగా మీకాడే ఉందా?"

"ఉందమ్మా."

"నేను రోజూ కలుపుతుంటే మీరేం చేస్తున్నారు?"

ఆవిడ లెక్కలనీ, ప్రాజెక్టు అయిపోయిందనీ, పైవాళ్లనీ చెప్పొచ్చు. చెప్పలేదు. "తప్పు చేశాం" అంది. అక్కడ పనిచేసే మనుషుల్లో ఆ మాట అన్నది ఇప్పటిదాకా ఆవిడొక్కతే. నా తోడికోడలు గాజులు పైకి నెట్టుకుని చెయ్యి చాచింది. "మళ్లీ తియ్యండి. ఈసారి మా అక్క అన్నీ అడుగుద్ది."

అడిగాను. కాగితం తిరగేసి, వెనక ఖాళీ మీద నా దస్తూరీతో రాసుకుని ప్రతి ఆడమనిషినీ అడిగాను. నీళ్లు మోస్తావా, డ్రమ్ము కలుపుతావా, కర్రతోనా చేత్తోనా, బట్టలు ఎవరుతుకుతారు, కోతకి ఎన్నాళ్లకి దిగుతావు? జవాబు నాకు తెలిసినవాళ్లని కూడా అడిగాను. కల్లంలో నన్ను టిక్కులమ్మా అన్నామె, "ఇయ్యన్నీ ముందే అడిగి చావొచ్చు గదా" అంది. అవును, అడిగి ఉండాల్సింది.

మగవాళ్లకి కాగితం చూశాక భయం పట్టుకుంది, కానీ హస్తవాసి సంగతి తేల్చుకోలేకపోయారు. కనిగిరి ఆవిడ చేతి తొడుగులు తెచ్చింది. వాటితో కలిపితే చెయ్యి పడినట్టేనా అని గట్టు మీద పెద్ద చర్చ. అదంతా మూఢనమ్మకం అని ఆవిడ అనబోయింది. నేను కనుసైగ చేశాను, ఆగింది. చివరికి తేల్చింది నా తోడికోడలే.

"అరవబాకండి. వట్టి డ్రమ్ములో తొలి బిందె మంచినీళ్లు నేను పోస్తా. నా చెయ్యి అక్కడ పడుద్ది. తర్వాత గాలికి ఎగువన పోయి కూర్చుంటా. సంచీ చింపేది, కలిపేది మీరు. కర్రతో."

"గడ్డలు కడుద్దే" అన్నాడు నా మరిది.

"కడితే ఇంకాసేపు తిప్పు మావా. నీకు చేతుల్లేవా?"

గట్టు గట్టంతా నవ్వింది. ఆ పద్ధతే ఇప్పుడు మా చేలల్లో నడుస్తోంది. ఏ హాలులోనూ, ఏ అట్ట మీదా లేని ఉపాయం అది. వాళ్లు ముందే వచ్చి అడిగి ఉంటే, ఆ ఉపాయం మాకు ముందే తట్టి ఉండేది.

కొన్ని వారాలకి ఆవిడ మళ్లీ రక్తం తీసుకెళ్లింది. ఈసారి మూడో రోజే ఫోను, ఆ ఆదివారమే కాగితం. నా తోడికోడలి రక్తం దాదాపు మామూలుకొచ్చింది. నోట్లో నీళ్లూరడం లేదు, తల తిరగడం లేదు. కానీ కుడి చేతి చివరి రెండు వేళ్లకి స్పర్శ రాలేదు. మందు వల్లేనా, వేరేదేమైనా ఉందా, ముందే ఆపితే వచ్చేదా అని అడిగాను. "చెప్పలేనమ్మా" అంది ఆవిడ. ఈ ప్రశ్న ఆ పెద్దాయన్ని అడగాలని ఉత్తరం రాశాను, గుండ్రంగా, ఒక పేజీ. జవాబు రాలేదు. మళ్లీ రాస్తాను. శాలువా కూడా దాంతోపాటే పంపుదామని మడత పెట్టి ఉంచాను.

ఆ ఆదివారం మందిరం నుంచి వచ్చి ఇద్దరం వసారాలో అన్నానికి కూర్చున్నాం. గోంగూర పచ్చడి, పప్పు. నా తోడికోడలు మూడు వేళ్లతో ముద్ద చేసుకుంటోంది, మిగతా రెండూ పక్కకి నిలబడి ఉన్నాయి. నేను కళ్లు మూసుకుని చెప్పాను.

"దీని రక్తం కోలుకుంది ప్రభువా, స్తోత్రం. ఆ రెండు వేళ్ల సంగతి నేను మరవను. నువ్వు కూడా మరవబాక."

నా గొంతు పెద్దదైనట్టుంది. కళ్లు తెరిచేసరికి అది నన్నే చూస్తోంది.

"దేవుడి మీద కూడా కేకలేస్తున్నావేందక్కా?" అని నా పళ్లెంలో ఇంకాస్త పచ్చడి వేసింది. "తిను, చల్లారిపోద్ది."